ప్రకృతిని దగ్గరుండి చూడటం ఎలా?

అడవుల మీద, సముద్రాల మీద తీసిన వీడియోలు గంటల తరబడి చూస్తాం. పులి ఎలా వేటాడుతుందో, తిమింగలం పైకొచ్చి ఎలా ఊపిరి తీసుకుంటుందో మనకు తెలుసు. మన గోడ వెంట రోజూ పాకే చీమలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో మాత్రం తెలియదు. ఆ వీడియోలు మంచివే, నేనూ ఇష్టంగా చూస్తాను. కానీ తీసినవాళ్లు రోజుల తరబడి కాచుకుని కూర్చున్న సమయమంతా కత్తిరించేసి, చివరికి దొరికిన రెండు నిమిషాలే మనకు చూపిస్తారు. ప్రకృతితో అసలు పరిచయం జరిగేది ఆ కత్తిరించేసిన సమయంలోనే అని నా నమ్మకం. దాన్ని తిరిగి సంపాదించుకోవడానికి చేయాల్సినవి ఇవి.

1. దగ్గర్లో ఒక చోటు ఎంచుకోండి

నడిచి పది నిమిషాల్లో చేరగలిగేది చాలు. ఒక చెట్టు మొదలు, చెరువు గట్టు, గడ్డి మొలిచిన ఖాళీ జాగా, ఏదైనా సరే. ఏడాదికోసారి వెళ్లే కొండ కంటే వారానికి మూడుసార్లు వెళ్లగలిగే చెట్టే మేలు. ఇంగ్లాండ్‌లో దాదాపు 20,000 మందిని పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లలో, తమ ఆరోగ్యం బాగుందని చెప్పినవారు ఎక్కువ. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా కనిపించలేదు. ఆరోగ్యానికి కారణం అదేనని ఆ అధ్యయనం తేల్చలేదు కానీ, కొద్దికొద్దిగా వెళ్లినా చాలన్న మాట మనకు పనికొస్తుంది.

2. ఫోన్ సంచిలో పెట్టండి

అవసరానికి వెంట ఉండాలి, చేతిలో ఉండకూడదు. ఫొటో తీయాలనిపిస్తే ముందు తనివితీరా చూసి, వెళ్లేముందు తీసుకోండి. ముందే తీస్తే, ఇక చూసేసినట్టే అనుకుని మనసు పక్కకు పోతుంది.

3. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి

అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే కష్టమైనది ఇదే. మీరు అడుగు పెట్టగానే గట్టు మీది కప్పలు నీళ్లలోకి దూకుతాయి, కీచురాళ్లు నోరు మూస్తాయి, పిట్టలు పై కొమ్మకు చేరతాయి. మొదట మీరు చూసేది మీ రాకతో బెదిరిన చోటునే. అయిదు నిమిషాలకు విసుగొస్తుంది. రానివ్వండి, లేవకండి. కాసేపటికి ఒక కీచురాయి మొదలుపెడుతుంది, దానికి ఇంకోటి తోడవుతుంది. పిట్ట కిందికి దిగి మట్టిలో పురుగులు ఏరుకుంటుంది. మీరు లేనప్పుడు ఆ చోటు ఎలా ఉంటుందో అప్పుడు కనిపించడం మొదలవుతుంది. పక్షుల కూతలు వినాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి, ఎండెక్కే కొద్దీ సందడి తగ్గిపోతుంది.

4. కళ్లు మూసుకోండి

వినిపించిన ఒక్కో చప్పుడుకు ఒక్కో వేలు మడవండి. దగ్గరివి అయ్యాక దూరానివి, ఆ తర్వాత ఆకుల మీద గాలి చేసే సవ్వడి. చెట్టు బెరడును ఎండ తగిలే వైపు ఒకసారి, నీడ వైపు ఒకసారి తాకి చూడండి. తొలకరికి తప్పకుండా బయటికి వెళ్లండి. ఆ మట్టివాసనకు శాస్త్రవేత్తలు 1964లో ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని నేలలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. గాలిలో లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా మన ముక్కు దాన్ని పసిగడుతుంది. అంత పదునైన ముక్కు పెట్టుకుని తెర ముందు కూర్చుంటే దానికి పనే ఉండదు.

5. జానెడు నేల ముందు మోకాళ్ల మీద కూర్చోండి

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే ఇంకా బాగుంటుంది. చీమల బారు కనిపిస్తే, కుట్టే రకం కాదని చూసుకుని, వాటి దారికి అడ్డంగా నేల మీద వేలితో ఒక గీత రాయండి. గీత దగ్గరికి రాగానే చాలా చీమలు ఆగిపోతాయి, మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ వెతుక్కుంటాయి. ముందు వెళ్లినవి వదిలిన వాసన జాడ అక్కడ చెదిరిపోయింది మరి. కాసేపట్లో ఏదో ఒకటి దాటుతుంది, మళ్లీ బారు కడతాయి. చక్రంలా అల్లిన సాలెగూడు కనిపిస్తే, మధ్య నుంచి అంచులకు పోయే దారాలు వేరు, చుట్టూ తిరిగే దారాలు వేరు అని గమనించండి. జిగురు ఉండేది చుట్టూ తిరిగేవాటికే. ఆకుల పైభాగం చూసి వదిలేయకండి, తిప్పి చూడండి. పురుగుల గుడ్లు తరచూ అడుగునే ఉంటాయి.

6. ఒక రాత్రి చీకట్లో ఉండండి

అమావాస్యకు అటూ ఇటూ రెండు మూడు రోజులు మంచివి. కళ్లు చీకటికి బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలుగు చూసినా మళ్లీ మొదటికొస్తుంది. దారి కోసం మసక ఎర్ర కాంతి వాడండి. ఊరి దీపాలకు దూరంగా ఉంటే పాలపుంత కనిపిస్తుంది. ఆండ్రోమెడా గెలాక్సీ ఆకాశంలో ఉండే కాలమైతే, అది చిన్న మసక మచ్చలా ఉత్త కంటికే కనిపిస్తుంది. ఆ వెలుగు బయలుదేరి సుమారు 25 లక్షల ఏళ్లయింది. ఇన్నేళ్లు ప్రయాణించి అది నేరుగా మీ కంట్లో పడుతుంది, మధ్యలో తెర ఏదీ లేదు.

7. జాగ్రత్తలు మరవకండి

ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. ఉరుము వినబడితే లోపలికి వెళ్లిపోవాలి, చెట్టు కింద నిలబడకూడదు. పాము కనిపిస్తే ఆగి, మెల్లగా వెనక్కి తప్పుకోండి. రాళ్ల సందుల్లో చేతులు పెట్టకండి. తెలియని పుట్టగొడుగులు, కాయలు నోట్లో వేసుకోకండి. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే దూరం నుంచే చూడండి. మీరక్కడ ఉన్నంతసేపూ తల్లి పిట్ట రావడానికి జంకుతుంది.

8. తిరిగొచ్చే ముందు రాసుకోండి

తేదీ, వేళ, గాలి ఎలా ఉంది, ఏం చూశారు, ఒక ప్రశ్న. నాలుగు వాక్యాలు చాలు. పేర్లు తెలియకపోతే దిగులు వద్దు. ‘బూడిద రంగు, తోక ఆడిస్తూ నేల మీద గెంతుతోంది’ అని రాసుకుంటే, పేరు తర్వాతైనా వెతుక్కోవచ్చు. నెల తర్వాత అదే చోట కూర్చుని మొదటి పేజీ తీయండి. అప్పటి ప్రశ్నల్లో కొన్నింటికి జవాబు ఎదురుగానే కనిపిస్తుంది. మిగతావాటిని కొత్త పేజీలో మళ్లీ రాసుకోండి.