పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పెద్దలకు - 4వ పాఠం: దిద్దే ముందు ఆగడం

పోయిన పాఠంలో పిల్లలచేత బయటికి చదివించేటప్పుడు ఎక్కడ ఆపాలో చూశాం. ఆపడం మీకు ఈపాటికి అలవాటై ఉంటుంది. ఆపాక ఏం చేయాలన్న దగ్గరే అసలు చిక్కు.

రిటైరైన మనలాంటివాళ్లకి ఒక జబ్బుంది. ఏళ్ల తరబడి ఎవరెవరో రాసిన డ్రాఫ్టులు దిద్దీ దిద్దీ, తప్పు కంటబడితే చెయ్యి ఊరుకోదు. పిల్లాడు 'యెస్టర్‌డే షి గో టు స్కూల్' అనగానే 'గో కాదురా, వెంట్' అనేస్తాం. వాడూ 'వెంట్' అంటాడు. మనకు తృప్తి. రెండు నిమిషాలు తిరక్కుండానే మళ్లీ 'గో'. నేను మొదటి ఏడాదంతా ఇలాగే గడిపేశాను, పైగా పిల్లలకి శ్రద్ధ లేదని విసుక్కున్నాను.

ముందు నేర్చుకోవాల్సింది లెక్కపెట్టడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసుల రికార్డింగులు విని ఒక సంగతి బయటపెట్టారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, అంతే. ఆ ఆగడాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు మెదపని పిల్లలు తగ్గారు. మన పిల్లాడు ఆలోచించడంతో పాటు పరాయి భాషలో మాట వెతుక్కోవాలి, దాన్ని వరుసలో పెట్టాలి, నోరు తిప్పాలి. కాబట్టి మనం 5 దాకా లెక్కపెడదాం. లెక్కపెడుతూ వాడి మొహంలోకి గుచ్చి చూడకండి, టెన్షన్ పడతాడు. పుస్తకం వైపు చూడండి.

రెండోది, సరైన మాట మన నోటితో చెప్పకుండా వాడి నోట రప్పించడం. 1997లో రాయ్ లిస్టర్, లైలా రాంటా అనే ఇద్దరు కెనడాలో ఫ్రెంచి భాషలోనే పాఠాలు చెప్పే ప్రైమరీ తరగతుల్ని గమనించారు. టీచర్లు తప్పు దిద్దిన సందర్భాల్లో సగానికి పైగా, పిల్లల వాక్యాన్ని తామే సరిచేసి తిరిగి చెప్పేశారు. పిల్లలు తమ తప్పు సవరించుకోవడం అన్నిటికంటే తక్కువగా జరిగిందీ ఆ పద్ధతిలోనే. ఆలోచిస్తే వింతేమీ లేదు. 'ఓ, షి వెంట్ టు స్కూల్' అని మీరంటే, తాను చెప్పింది మీకు అర్థమైందనుకుని పిల్లాడు ముందుకు పోతాడు.

దాని బదులు ఇలా చేసి చూడండి.

'యెస్టర్‌డే షి గో టు స్కూల్.'
'యెస్టర్‌డే షి...' (తప్పు మాటకు ముందే ఆగారు. గొంతు కాస్త పైకి. లోపల లెక్క.)
'షి... గోస్?'
'గోస్ అంటే రోజూ వెళ్లడం. ఇది నిన్నటి మాట కదా. యెస్టర్‌డే షి...'
'వెంట్!'
'ఆఁ, ఇప్పుడు మొత్తం చెప్పు.'

మొత్తం వాక్యం చెప్పించడం మరవద్దు. ఆ వెంటనే వాడి సంగతే అడగండి: నిన్న నువ్వెక్కడికి వెళ్లావు? 'ఐ వెంట్' అని తనంతట తాను అన్నప్పుడే ఆ మాట వాడిదవుతుంది.

మధ్యలో 'వెంట్' బదులు 'గో'కి 'ఈడీ' తగిలించి 'గోడ్' అన్నాడనుకోండి, నవ్వకండి. జరిగిపోయిన పనికి 'ఈడీ' చేర్చాలన్న సూత్రం పట్టుకున్నాడు కాబట్టే ఆ తప్పు వచ్చింది. ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగే పసిపిల్లలూ సరిగ్గా ఇదే తప్పు చేస్తారు.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతి పిల్లాడు ఇంతకు ముందు విన్న మాటలకే పనికొస్తుంది. 'వెంట్' అసలు ఎన్నడూ వినని వాణ్ణి ఎంతసేపు నిలబెట్టినా ఎక్కడినుంచి తెస్తాడు? అలాంటప్పుడు హాయిగా చెప్పేయండి.

అలాగే వాడు ఉత్సాహంగా సొంత కబురేదో చెబుతుంటే అడ్డు తగలొద్దు. తప్పులు కాగితం మీద రాసుకోండి. కబురయ్యాక రెండే ఎంచుకోండి, పదిహేనున్నా సరే. అర్థం మారిపోయే తప్పు మొదట, చెవికి మాత్రమే గుచ్చుకునేది తర్వాత.

ఈ వారం అభ్యాసం: పిల్లాడి ఇంట్లోవాళ్లని అడిగి, ఒక పది నిమిషాల పాఠం ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత ఒంటరిగా వినండి. ప్రతి ప్రశ్న తర్వాత ఎన్ని సెకన్లు ఆగారో రాయండి, సరైన మాట మీ నోటినుంచి ముందు వచ్చిన ప్రతిసారీ ఒక గీత గీయండి. నా మొదటి రికార్డింగులో పదిలో ఏడు నిమిషాలు నా గొంతే వినిపించింది. మూడు రోజులాగి మళ్లీ రికార్డు చేసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోండి. విన్నాక రికార్డింగులు చెరిపేయండి.

వచ్చే పాఠం ఆ 'ఈడీ' గురించే. వాక్, ప్లే, వాంట్. ఈ మూడింటికీ 'ఈడీ' చేర్చి బయటికి పలకండి, చివరి ధ్వని మూడుచోట్లా ఒకటేనా?