బీపీ రిజిస్టర్‌ను తండాల వారీగా విడదీసి చూడండి

నేను స్టాఫ్ నర్సును. మా పీహెచ్‌సీ కింద ఒక పెద్ద ఊరు, చుట్టూ నాలుగు తండాలు ఉన్నాయి. నెల రిపోర్టులో బీపీ అదుపులో ఉన్నవాళ్ల లెక్క ఎప్పుడూ బాగానే ఉండేది. ఒకరోజు పక్షవాతంతో తీసుకొచ్చిన తండా మనిషి కార్డు తెరిస్తే ఆర్నెల్లుగా ఖాళీ. అప్పుడుగానీ ఆ లెక్క ఎవరికి బాగుందో చూడాలని నాకు తట్టలేదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ముందు రిజిస్టర్ పట్టుకుని కూర్చోండి. మూడు నుంచి ఆరు నెలల కిందట నమోదైన పేర్లు తీయండి. వాళ్లలో ఈ మూడు నెలల్లో ఆఖరిసారి చూసినప్పుడు 140/90 లోపు ఉన్నవాళ్లెందరు, పైన ఉన్నవాళ్లెందరు, అసలు రానివాళ్లెందరు? రానివాళ్లను లెక్కలోంచి తీసేస్తే ఏ ఆసుపత్రి నంబరైనా అందంగానే కనిపిస్తుంది. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమంలో (తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి) రానివాళ్లను విడిగా లెక్కిస్తారు. అదే పద్ధతి పట్టుకోండి.

తర్వాత ఆ పేర్లనే ఊరు, తండా, ఆడ, మగ అని విడదీయండి. కాగితం, పెన్సిల్ చాలు. మా దగ్గర రానివాళ్లలో ఎక్కువమంది తండాల మగవాళ్లే.

కారణం మీటింగులో ఊహించకండి. మేం 'అవగాహన లేదు' అని రాసేసుకున్నాం, ఎక్కడైనా రాసేది అదే కదా! తీరా ఇళ్లకు వెళ్తే ఒక పెద్దావిడ అడిగింది: "సిస్టరమ్మా, మీరు మందులిచ్చే టైముకు మేం పత్తి చేనులో ఉంటం. పదిహేను రోజుల గోలీల కోసం దినం కూలి పోగొట్టుకోవాల్నా?"

అందుకే ఒకే తండాలో, రెండే వారాలకు అనుకుని, చిన్న మార్పు చేశాం. బుధవారం సాయంత్రం ఆరింటికి ఆశా ఇంటి అరుగు మీద కూర్చుని, నెలకు సరిపడా గోలీలు ఒకేసారి ఇవ్వడం. మొదటి వారం నలుగురే వచ్చారు. బుధవారం అంగడి రోజని మాకెవరికీ గుర్తులేదు. పైగా చేను నుంచి నడిచొచ్చిన వాళ్లకు వెంటనే బీపీ చూసే పట్టీ కట్టేసరికి నలుగురికీ బీపీ ఎక్కువే చూపించింది. రెండో వారం గురువారానికి మార్చాం. వచ్చినవాళ్లను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, రెండుసార్లు చూశాం. అనుకోవడం, చేయడం, చూడటం, సరిదిద్దుకోవడం: శిక్షణలో పీడీఎస్ఏ అని చెప్పేది ఇదే. ఫారం నింపడానికే దాన్ని వాడితే దండగ.

వారం వారం ఎంతమంది వచ్చారో ఒక చుక్కగా గ్రాఫ్ కాగితం మీద పెట్టి గోడకు అంటించండి. ఒక్క చుక్క పైకెక్కిందని సంబరపడి మిగతా తండాలకు పాకించకండి. మేం ఎనిమిది వారాలు ఆగాం. ఇటు సాయంత్రం పని వల్ల అటు ఏదైనా కుంటుపడుతోందా అన్నదీ చూడాలి. మా ఏఎన్ఎం శుక్రవారం ఉదయం గర్భిణుల ఇళ్లకు ఆలస్యంగా వెళ్తోందని తెలిసి, వారం మార్చి వారం సాయంత్రం పనికి ఆమె బదులు నేను వెళ్లడం మొదలుపెట్టాను. ఇంకో మాట, ఆ చుక్కలు చూపించి ఆశాలను మందలించకండి. తర్వాతి వారం నుంచి మీకు నిజం లెక్క రాదు.

ఇప్పుడు వలసల సమస్య వచ్చిపడింది. పత్తి అయిపోగానే కొన్ని కుటుంబాలు హైదరాబాద్ పనులకు వెళ్తాయి. బీపీ అదుపులో ఉన్నవాళ్లకు రెండు నెలల గోలీలు ఇవ్వడానికి మా డాక్టర్‌గారు ఒప్పుకున్నారు. కార్డు మీద ఫోన్ నంబరు రాసుకుని పంపాం. ఎంతమంది వేసుకున్నారో ఉగాదికి తిరిగొచ్చాక లెక్క చూడాలి.