ప్రాసెసర్ పోయిందని విప్పే ముందు జాగ్రత్తలు

ప్రాసెసర్ మీద ఉండే కూలర్‌ను నేరుగా పైకి లాగొద్దు. ఏఎమ్‌డీ ప్రాసెసర్ల ఏఎమ్4 సాకెట్ ఉన్న బోర్డుల్లో, కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య రాసే పేస్ట్ అతుక్కుపోయి, ప్రాసెసర్‌ను బిగించే లీవర్ వేసి ఉన్నా ప్రాసెసర్ ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. సిస్టమ్ ఆన్ అవుతుంటే పేస్ట్ మెత్తబడేలా పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. ఏఎమ్5లో, ఇప్పటి ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. వేలు తగిలినా బోర్డుకే ఎసరు.

మంచి ప్రాసెసర్‌ను అనుమానం ఉన్న బోర్డులో పెట్టొద్దు. వోల్టేజీ తేడా ఉంటే అదీ పోతుంది. అనుమానం ఉన్న ప్రాసెసర్‌నే బాగున్న బోర్డులో పరీక్షించండి.

ఆ బోర్డు బయాస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) మీ ప్రాసెసర్‌ను గుర్తించే వెర్షనేనా? కాకపోతే మంచిది కూడా చచ్చినట్టే కనిపిస్తుంది.

ఫ్యాన్లు తిరిగినా డిస్‌ప్లే లేదా? సాకెట్ దగ్గరి 8 పిన్నుల పవర్ కేబుల్ చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే.

పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండవు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి.

ఎక్స్ఎమ్‌పీ (ర్యామ్‌ను మామూలు కన్నా వేగంగా నడిపే సెట్టింగ్), ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను నిర్ణీత వేగం మించి నడపడం) ఆపి, ఒక్క ర్యామ్‌తోనే మళ్లీ చూడండి. ర్యామ్ తప్పులు అచ్చం ప్రాసెసర్ తప్పుల్లాగే ఉంటాయి.

ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు ఆటల మధ్యలో క్రాష్ అవుతుంటే ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. అది ఇకపై నష్టాన్ని తగ్గిస్తుందే తప్ప జరిగినదాన్ని బాగుచేయదు. అప్పటికీ ఆగకపోతే వారంటీకి పంపాల్సిందే.