లైంగిక నీతి మీద ఉపయోగితావాదం: లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దానివల్ల అందరికీ కలిగే సుఖం, బాధల లెక్కతో తేల్చాలనేదే ఉపయోగితావాదం. బెంథామ్, మిల్ దాన్ని నిలబెట్టిన ఇంగ్లిష్ తత్వవేత్తలు. ఎథిక్స్ పేపర్లు ఏళ్లుగా దిద్దుతున్నాను. లైంగిక నీతి ప్రశ్న రాగానే మళ్లీ అవే తప్పులు.

దేనికన్నా ముందు, "ఎవరికి నష్టం? ఏం నష్టం?" అన్నది రాశారా లేదా చూసుకోండి. సమ్మతి, వయసు, మోసం అన్నీ అందులోకే వస్తాయి. సగం జవాబుల్లో ఈ ఒక్క వాక్యమే ఉండదు, మిగతా రెండు పేజీలూ ఉంటాయి.

సమస్య: "పదిమంది సుఖం కోసం ఒకరిని బలి చేయొచ్చా?" అంటే నోరు పెగలదు

కారణం: బలవంతం వల్ల కలిగే నష్టాన్ని ఆ ఒక్క ఘటనతో ఆపేశారు. బాధితురాలిని జీవితాంతం వెంటాడే గాయాన్ని కలపండి. ఆ వార్త విన్న ప్రతి ఇంట్లో పుట్టే భయాన్నీ కలపండి. ఈ రెండో రకం నష్టం బెంథామ్ లెక్కలో ఉన్నదే.

సమస్య: అన్నీ సరిగ్గా వేశాక కూడా "నిషేధమే న్యాయం" అని తేలుతోంది

అసలు దొంగ ఇక్కడున్నాడు. స్వలింగ సంబంధాల మీద ఒకప్పుడు నేనే బోర్డు మీద లెక్క వేశాను. ఒకవైపు కొద్దిమంది సుఖం, ఇంకోవైపు కోట్లమంది మనోభావాలు. వెనక బెంచీ అమ్మాయి లేచి, "కులాంతర పెళ్లికి కూడా ఊరంతా బాధపడుతుంది కదా సార్, అదీ తప్పేనా?" అంది. బెల్ కొట్టేదాకా సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను.

కారణం: రోతను నష్టం ఖాతాలో వేశాను. ఊరికి ఆ బాధ ఎందుకొచ్చింది? అది తప్పని ముందే నమ్మారు కాబట్టి. ఆ నమ్మకం నుంచి పుట్టిన బాధనే తెచ్చి, అది తప్పనడానికి రుజువుగా చూపిస్తున్నాం. బెంథామ్ 1785 ప్రాంతంలోనే దీన్ని పట్టుకున్నాడు. ఒకరి అభిరుచి మనకు ఎంత గిట్టకపోయినా, మనిషి ప్రాణం తీయడానికి అది చాలదని రాశాడు. అప్పటి ఇంగ్లండ్‌లో ఆ నేరానికి ఉరిశిక్ష. ఆ రాత ఆయన బతికుండగా అచ్చుకాలేదు, 1978లో బయటికొచ్చింది. మిల్ 1859లో ఇంకోలా చెప్పాడు: పర్సు పోకూడదన్న సొంతదారు కోరికా, దాన్ని కొట్టేయాలన్న దొంగ కోరికా ఒకే తూకం కావు; ఒకరి సొంత అభిప్రాయం, దానికి నొచ్చుకునేవాడి బాధ కూడా అంతే.

పరిష్కారం: నష్టం వైపున్న ప్రతి పద్దు దగ్గరా ఆగి, "అది తప్పన్న నమ్మకం తీసేస్తే ఈ బాధకు ఇంకేమైనా ఆధారం మిగులుతుందా?" అని అడగండి. ఏమీ మిగలకపోతే కొట్టేయండి. భర్త మోసం చేశాడని తెలిసిన భార్య బాధ అలా పోదు. అక్కడ మాట తప్పడం ఉంది, ఇల్లు, పిల్లలు, జబ్బు అంటుకునే రిస్కు ఉన్నాయి. అది విని నొచ్చుకున్న పక్కింటావిడ బాధ పోతుంది.

"బాధ బాధే, ఎందుకు కొట్టేయాలి?" అని గట్టిగా నిలదీసేవాళ్లూ ఉంటారు. సరే, ఉంచండి. అలా అయితే అవతలి వైపు జైలు, బ్లాక్‌మెయిల్, జీవితమంతా దాక్కోవడం కూడా పూర్తిగా రాయండి.

మరో మాట. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 (స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్) మీద ఇచ్చిన తీర్పును ఉపయోగితావాదం ఖాతాలో వేయకండి. అది హక్కుల భాషలో సాగిన తీర్పు.

అరుదుగా వచ్చేవి

"స్వలింగ సంబంధాల వల్ల జనాభా తగ్గిపోతుంది" అంటే, ఆ లెక్కన ముందు సన్యాసుల్ని కాల్చాలని బెంథామే వెటకారం చేశాడు. "మిల్ దృష్టిలో శారీరక సుఖం తక్కువ రకం" అంటే, తక్కువ అన్నాడు గానీ తప్పు అనలేదు.