850 టూ స్ట్రోకా, 900 టర్బోనా: వేగపు స్నోమొబైళ్ళను పోల్చి చూసే పద్ధతి

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. దాని బ్రోషర్‌లో అచ్చేసే హార్స్‌పవర్ ఇంజిన్ క్రాంక్ దగ్గరిది. ఆ శక్తి క్లచ్చులు, బెల్టు, చైన్‌కేసు (చైన్ ఉండే పెట్టె), ట్రాక్ (బండి కింద తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టీ) దాటుకుని మంచును చేరేసరికి ఎంత మిగిలిందన్నదే బండి అసలు సత్తా. 165, 180 అని రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని పెద్దది కొనేస్తే చాలాసార్లు డబ్బు దండగ అవుతుంది. ఒకే రోజు, ఒకే మంచు మీద, సరిగ్గా సర్దిన రెండు బళ్ళను నడిపి చూస్తేనే తేడా తెలుస్తుంది. మిన్నెసోటాలోనో అంటారియోలోనో స్థిరపడి, అద్దె బండి మోజు తీరి, సొంతంగా ఒకటి కొందామనుకునేవాళ్ళకు ఆ సర్దడం, నడపడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాం.

ఉదాహరణకు స్కీ-డూ బ్రాండు ట్రెయిల్ బళ్ళు (గట్టి మంచు దారుల మీద నడిపేవి) రెండు తీసుకుందాం. ఒకదాంట్లో 850 ఇ-టెక్ ఇంజిన్: 849 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 165 హార్స్‌పవర్. రెండోదాంట్లో 900 ఏస్ టర్బో ఆర్: 899 సీసీ, మూడు సిలిండర్లు, ఫోర్ స్ట్రోక్, 180 హార్స్‌పవర్. రెండూ రోటాక్స్ ఇంజిన్లే, ఒకే మోడల్ పేరు మీద రెండూ దొరుకుతాయి. కాబట్టి ఛాసీ తేడా లెక్కలోకి రాదు. పొలారిస్ 850 పేట్రియట్, ఆర్కిటిక్ క్యాట్ థండర్‌క్యాట్, యమహా సైడ్‌వైండర్ లాంటి వాటికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఒక జాగ్రత్త. ఒకే పనికి చేసిన బళ్ళనే పోల్చాలి. ట్రెయిల్ బండి ట్రాక్ పొడవు 129 లేదా 137 అంగుళాలు, దాని పళ్ళ ఎత్తు 1.25 నుంచి 1.5 అంగుళాలు ఉంటుంది. కొండల్లో లోతు మంచుకు చేసినవాటికి 146 నుంచి 165 అంగుళాల ట్రాక్, 2.5 నుంచి 3 అంగుళాల పళ్ళు ఉంటాయి. అంతంత పళ్ళను గట్టి ట్రెయిల్ మీద తిప్పడానికే ఇంజిన్ శక్తి బోలెడు ఖర్చవుతుంది, మూల తిరిగేటప్పుడు బండి నిలకడా తగ్గుతుంది.

శక్తి కొలవడం

మీరు నడిపే చోటు ఎంత ఎత్తులో ఉందో ముందు చూసుకోండి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. 165 ఉన్నది కొలరాడోలో 8,000 అడుగుల దగ్గర 125 చిల్లరకు దిగుతుంది. టర్బో ఆ లోటును చాలావరకు పూడుస్తుంది కాబట్టి కొండల్లో టర్బోకు పెట్టే డబ్బుకు అర్థం ఉంది. మిన్నెసోటాలో చాలా ట్రెయిళ్ళు 1,500 అడుగుల లోపే ఉంటాయి. అక్కడ ఈ కారణం చెల్లదు.

డైనో (ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) అంకెలు చూసేటప్పుడు, వాతావరణానికి తగ్గట్టు వాటిని సరిచేసిన దిద్దుబాటు పద్ధతి పేరు తప్పకుండా చదవండి. ఎస్ఏఈ జె607 ప్రకారం దిద్దిన అంకె, జె1349 ప్రకారం దిద్దిన అంకె కంటే దాదాపు 4 శాతం ఎక్కువ వస్తుంది. 165కు అది ఆరేడు హార్స్‌పవర్. ఒక బండి అంకె ఒక పద్ధతిలో, రెండోదాని అంకె ఇంకో పద్ధతిలో ఉంటే ఆ పోలికను పక్కన పడేయాలి.

మంచు మీద పరీక్షకు గరిష్ట వేగం అక్కర్లేదు. మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల్లో, చెరువుల మీద పరిమితి గంటకు 50 మైళ్ళు. అంటారియో ట్రెయిళ్ళ మీద గంటకు 50 కిలోమీటర్లే. స్నోమొబైల్లో ఉండేది మన యాక్టివాలో ఉండే బెల్టు గేరు వ్యవస్థే, కాకపోతే చాలా పెద్దది. థ్రాటిల్ పూర్తిగా నొక్కగానే ఇంజిన్ తన గరిష్ట శక్తి ఆర్‌పీఎం దగ్గరికి వెళ్ళి అక్కడే నిలబడుతుంది, వేగం పెరిగేకొద్దీ మారేది గేరు నిష్పత్తే. కాబట్టి 20 నుంచి 50 మైళ్ళకు (అంటారియో ట్రెయిల్ మీదైతే 30 మైళ్ళకు) పట్టే సమయం కొలిస్తే చాలు, ఇంజిన్, క్లచ్ రెండూ బయటపడతాయి.

రెండు బళ్ళలో పెట్రోలు సగం ట్యాంకు ఉంచండి. నడిపేది ఒకే మనిషి అయివుండాలి. స్టడ్లు (పట్టు కోసం ట్రాక్‌కు బిగించే మేకులు) ఒకదానికి ఉండి రెండోదానికి లేకపోతే పరీక్ష చెల్లదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, సమంగా ఉన్న గట్టి మంచు మీద 20 మైళ్ళ దగ్గర నిలకడగా నడుపుతూ ఒక్కసారిగా థ్రాటిల్ పూర్తిగా నొక్కండి. జీపీఎస్ లాగర్ సమయం రాస్తుంది. గాలి ప్రభావం పోవడానికి అటూ ఇటూ చెరి మూడుసార్లు నడిపి సగటు తీయండి. చెరువు మీదైతే కొత్త స్పష్టమైన ఐసు కనీసం 5 నుంచి 7 అంగుళాలు ఉండాలి, తెల్లటి ఐసైతే దానికి రెట్టింపు. డ్రిల్లుతో కన్నం పెట్టి కొలిచాకే బండి దించండి.

ఆ పరుగులో ఇంకో రెండు అంకెలు గమనించండి. మొదటిది ఆర్‌పీఎం. 850 ఇ-టెక్ సుమారు 7,900 దగ్గర గరిష్ట శక్తి ఇస్తుంది. థ్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు ముల్లు 7,600 దగ్గరే ఆగిపోతే క్లచ్ బరువులు (క్లచ్ లోపల తిరుగుతూ బెల్టును నొక్కించే లోహపు ముక్కలు) ఎక్కువయ్యాయి, లేదా ఇంజిన్ నీరసించింది. 8,200కు పోతే బరువులు చాలలేదు, లేదా బెల్టు జారుతోంది. ఈ 300 తేడాతోనే మంచి ఇంజిన్ కూడా చప్పగా అనిపిస్తుంది. రెండోది ట్రాక్ జారుడు. స్పీడోమీటర్ చూపించేది ట్రాక్ వేగం, జీపీఎస్ చూపించేది బండి వేగం. స్పీడోమీటర్ 56, జీపీఎస్ 48 చూపిస్తే సుమారు 14 శాతం జారుతోందన్నమాట. స్పీడోమీటర్‌లోనే కొంత తప్పు ఉంటుంది కాబట్టి, నిలకడగా మెల్లగా నడిపినప్పుడు రెండిటికీ ఉన్న తేడాను ఇందులోంచి తీసేయండి. స్టడ్లు లేని ట్రాక్ మీద 180 తెచ్చి పెడితే ఆ అదనపు 15 చాలావరకు ఈ జారుడులోనే పోతుంది. మా లెక్కలో గట్టి ట్రెయిల్ మీద ముందు ట్రాక్, స్టడ్లకు డబ్బు పెట్టాలి, ఆ తర్వాతే ఇంజిన్‌కు.

క్లచ్ చూడకుండా తీర్పు చెప్పొద్దు

ఇంజిన్ మీద ఉండేది ప్రైమరీ క్లచ్, జాక్‌షాఫ్ట్ (చైన్‌కేసుకు శక్తి అందించే ఇరుసు) మీద ఉండేది సెకండరీ. పరుగు అయిన వెంటనే ఇంజిన్ ఆపి, సైడ్ ప్యానెల్ తీసి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండిటి వేడీ కొలవండి. ఒకటి రెండోదాని కంటే బాగా వేడిగా ఉంటే బెల్టు జారేది దాని దగ్గరే. థర్మామీటర్ లేకపోతే సెకండరీ దగ్గరికి మెల్లగా చెయ్యి తీసుకెళ్ళి చూడండి. చెయ్యి ఆన్చలేనంత వేడిగా ఉంటే బెల్టు ఆయుష్షు దగ్గరపడుతున్నట్టే.

బెల్టు బిగువు చూడటం తేలిక. ఐడిల్‌లో బండి తనంతట తాను మెల్లగా ముందుకు పాకితే బెల్టు మరీ బిగుతుగా ఉంది. కదిలేటప్పుడు మందకొడిగా, ఒక కుదుపుతో లేస్తే వదులుగా ఉంది. క్లచ్ పళ్ళేలను స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. నూనె జిడ్డు అంటుకున్న పళ్ళెం మీద కొత్త బెల్టు కూడా జారుతుంది. కొత్త బెల్టు వేస్తే మొదటి 50 కిలోమీటర్లు పూర్తి థ్రాటిల్ నొక్కకండి. తొందరపడితే అంచులు గాజులా నున్నబడి, ఆ బెల్టు ఇక ఎన్నడూ సరిగ్గా పట్టదు.

హ్యాండ్లింగ్

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. నేరుగా పోతున్న బండి ముక్కు అటూ ఇటూ లాగుతుంటే మోడలే మంచిది కాదనుకుంటారు. చాలాసార్లు తప్పు స్కీ (ముందుండే జారుడు పలక) కింద మంచును పట్టే లోహపు అంచు, అంటే కార్బైడ్‌దే, లేదా అలైన్‌మెంట్‌దే. అందుకే పరీక్షకు ముందు ఈ వరసలో సర్దండి.

స్కీ బోల్తా కొట్టించి కార్బైడ్ చూడండి. అంచు మొద్దుబారినా, సగానికి పైగా అరిగినా మార్చేయండి. తర్వాత ట్రాక్ బిగువు. స్కీ-డూ పద్ధతిలో కింది ట్రాక్ మధ్యలో 7.3 కిలోల బరువు వేలాడదీస్తే స్లైడర్‌కూ (ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీ) ట్రాక్‌కూ మధ్య 30 నుంచి 35 మిల్లీమీటర్ల సందు రావాలి. మోడల్‌ను బట్టి ఈ అంకె మారుతుంది, మాన్యువల్ చూసుకోండి. మరీ బిగిస్తే శక్తి వృథా, వదులుగా ఉంటే డ్రైవ్ పళ్ళు జారి టకటకమంటాయి. ట్రాక్ రెండు పట్టాల మధ్య సమంగా ఉందని తేలాకే స్కీల దగ్గరికి రండి. రెండు స్కీల కొనలను బంగీ తాడుతో దగ్గరికి లాగి కట్టండి, కీళ్ళలో ఉన్న ఆట అంతా పోతుంది. హ్యాండిల్ తిన్నగా పెట్టి, ఒక తిన్నని అల్యూమినియం కడ్డీని ట్రాక్ అంచుకు ఆనించి స్కీ పక్కదాకా చాపండి. కడ్డీ నుంచి కార్బైడ్ ముందు కొనకు, వెనక కొనకు దూరం కొలవండి. రెండు స్కీలూ కలిపి ముందు వైపు 3 నుంచి 6 మిల్లీమీటర్లు బయటికి విచ్చుకుని ఉండాలి. లోపలికి ముడుచుకుని ఉంటే బండి మీ చేతుల్లో ఒక్క నిమిషం నిలకడగా ఉండదు.

సస్పెన్షన్ నడిపే మనిషి బరువును బట్టి కుదరాలి. వెనక బంపర్ పట్టి పైకెత్తి, సస్పెన్షన్ పూర్తిగా విచ్చుకున్నప్పుడు నేల నుంచి ఎత్తు కొలవండి. మనిషి ఎక్కి కూర్చున్నాక మళ్ళీ కొలవండి. స్కీ-డూ ట్రెయిల్ బళ్ళలో ఈ తేడా 50 నుంచి 75 మిల్లీమీటర్లు ఉంటే వెనక స్ప్రింగును కదపక్కర్లేదు. 60 కిలోల మనిషికి సర్దిన బండిని 95 కిలోల మనిషి నడిపి, వెనక కూలబడిపోతోందని తిట్టుకుంటే లాభం లేదు.

ఇప్పుడు ఒకే మూల ఎంచుకుని, ఒకే వేగంతో రెండు బళ్ళనూ తిప్పండి. హ్యాండిల్ తిప్పినా ముక్కు నేరుగా తోసుకుపోతుంటే స్కీల మీద బరువు చాలడం లేదు. మొదట లిమిటర్ పట్టీని (ట్రాక్ ముందు భాగం మరీ కిందికి దిగకుండా ఆపేది) ఒక్క కన్నం బిగించి చూడండి. అదీ చాలకపోతే ట్రాక్ మధ్యలోని షాక్ స్ప్రింగు బిగువు తగ్గించండి. లోపలి స్కీ గాల్లోకి లేస్తుంటే దీనికి తిరగేసి చేయాలి: పట్టీ వదలండి, స్కీ స్ప్రింగుల బిగువు తగ్గించండి, స్కీల మధ్య ఎడం పెంచే వీలున్న బండైతే పెంచండి. ఒకసారికి ఒక్కటే మార్చి మళ్ళీ అదే మూల తిప్పాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ట్రాక్‌కు స్టడ్లు వేసి, స్కీకి పొట్టి కార్బైడ్ అలాగే ఉంచినా ముక్కు తోసుకుపోతుంది, వెనక పట్టు ముందు పట్టును మించిపోతుంది కాబట్టి.

ఇంత సర్దాక మిగిలే తేడానే బండిది. టర్బో ఫోర్ స్ట్రోక్ 850 కంటే 30-40 కిలోల దాకా బరువెక్కువ, ఆ బరువులో పెద్ద భాగం ముందే ఉంటుంది. పొడవాటి చెరువుల మీద, చదునైన ట్రెయిళ్ళ మీద అది నిలకడ ఇస్తుంది, పైగా ఇంజిన్ నెమ్మదిగా, తక్కువ పొగతో నడుస్తుంది. చెట్ల మధ్య వరస మలుపుల్లో, మధ్యాహ్నానికి గుంతలు పడ్డ ట్రెయిల్లో అదే బరువు భుజాలను లాగేస్తుంది. రోజంతా అలాంటి దారుల్లో తిరిగేవాళ్ళు 850నే తీసుకోవాలని మా ఖచ్చితమైన అభిప్రాయం.

మన్నిక

పాత బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉంచమని ముందే చెప్పండి. వెళ్ళగానే ఎగ్జాస్ట్ పైపు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే అమ్మేవాళ్ళు ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చలిలో స్టార్ట్ అవుతుందో లేదో ఆ రోజు తెలియదు.

టూ స్ట్రోక్‌కు కంప్రెషన్ పరీక్ష తప్పనిసరి. ఇంజిన్ వేడెక్కాక ఆపి, ప్లగ్గులు రెండూ తీసి, వాటి వైర్లను ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టి, గేజ్ ముల్లు పెరగడం ఆగేదాకా ఐదారుసార్లు తాడు లాగండి. గేజ్ గేజ్‌కీ, ఎత్తును బట్టీ అంకె మారుతుంది కాబట్టి రెండు సిలిండర్ల మధ్య తేడానే నమ్మాలి. 10 శాతం దాటకూడదు. ఒకటి 125, ఒకటి 108 చూపిస్తే పిస్టన్, రింగుల ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడండి, లేదా వదిలేయండి. 5,000 మైళ్ళు దాటిన టూ స్ట్రోక్‌ను ఎగ్జాస్ట్ పోర్టులోంచి కెమెరాతో పిస్టన్ గోడ చూడకుండా కొనొద్దు. నిలువు గీతలుంటే నూనె అందలేదనో, చల్లటి ఇంజిన్‌ను పరిగెత్తించారనో అర్థం. ఎగ్జాస్ట్ వాల్వులకు నల్లటి బొగ్గు గట్టిగా పేరుకుంటే అవి పూర్తిగా తెరుచుకోవు, మీ ఆర్‌పీఎం పరీక్షలో ముల్లు పైకి రాకపోవడానికి అదీ ఒక కారణం.

ఫోర్ స్ట్రోక్ టర్బోలో చూడాల్సింది వేరు. బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచడానికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మార్చిన బళ్ళు మార్కెట్లో చాలా ఉన్నాయి. అమ్మేముందు ఈసీయూను మళ్ళీ మామూలు చేసినా క్లచ్‌లో బరువులు అలాగే ఉండిపోతుంటాయి. ప్రైమరీ బరువుల మీది నంబరు, స్ప్రింగు రంగు మాన్యువల్‌తో సరిపోల్చండి. ఫ్యాక్టరీవి కాని బరువైనవి కనిపిస్తే ఇంజిన్ అసలు శక్తికి మించి పనిచేసిందని అనుమానించాలి.

రెండిట్లోనూ చైన్‌కేసు నూనె తీసి, అయస్కాంతం ఉన్న ప్లగ్గు చూడండి. మెత్తటి బూడిద పేస్టు మామూలే, చేతికి తగిలే ఇనుప రజను అయితే బేరింగో చైనో పోతోంది. స్టాండు మీద వెనక భాగం ఎత్తి ట్రాక్‌ను చేత్తో తిప్పండి, గరగరమంటే చక్రాల బేరింగులు పోయాయి. స్లైడర్లు ఒక చోటే ఎక్కువ అరిగి ఉంటే మంచు చాలని గట్టి ఐసు మీద బండిని ఎక్కువ నడిపారన్నమాట. మంచు తుంపర అందకపోతే స్లైడర్లు కరుగుతాయి, టన్నెల్ (ట్రాక్ పైనుండే లోహపు కప్పు) కింద ఉన్న కూలర్‌కు చల్లదనం లేక ఇంజిన్ కూడా వేడెక్కుతుంది.

విడిభాగాల సంగతీ మన్నికలో భాగమే. యమహా స్నోమొబైళ్ళ తయారీ మానేస్తున్నట్టు 2023లో ప్రకటించింది, ఉత్తర అమెరికాలో 2025 మోడలే ఆఖరు. ఆర్కిటిక్ క్యాట్‌ను టెక్స్‌ట్రాన్ 2025లో కొత్త యజమానులకు అమ్మేసింది. ఈ బ్రాండ్ల బళ్ళు కొనేముందు దగ్గర్లోని డీలర్‌కు ఫోన్ చేసి బెల్టు, స్లైడర్లు, ఎ-ఆర్మ్ (స్కీని బండికి కలిపే చెయ్యి), వాటర్ పంపు అడగండి, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారో రాసుకోండి. సీజన్ మధ్యలో ఎ-ఆర్మ్ కోసం మూడు వారాలు ఆగడమంటే ఆ చలికాలం సగం పోయినట్టే. బండి వీఐఎన్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్లో రీకాల్ ఉందేమో చూడండి. అమెరికాలో వీటి రీకాళ్ళు వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ జాబితాలో ఉంటాయి, కార్ల జాబితాలో వెతికితే దొరకవు.

పరీక్షకు బండెక్కేముందు ఇంకొకటి. మిన్నెసోటాలో 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్ళకు స్నోమొబైల్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఆ కోర్సు ఆన్‌లైన్లోనే ఉంది, మంచు పడకముందే పూర్తి చేసుకోండి.