హీరోయిన్ పుట్టుమచ్చ సరే, మీ అరికాలు చూసుకున్నారా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో నగల దుకాణం తెరవడానికి ఎవరైనా సినిమా హీరోయిన్ వచ్చిందంటే, ఇక్కడ కావలిలో మా వీధి వీధంతా ఆ ఫొటోలను ఫోనులో పెద్దవి చేసి చూస్తుంది. గడ్డం మీది మచ్చ పుట్టుకతో వచ్చిందా, కొత్తగా దిద్దుకున్నదా అని ఒకటే వాదన. నర్సుగా పనిచేసి రిటైరైన నాకు ఆ వాదన వినడం ఇష్టం. చర్మ క్యాన్సర్ అనుమానంతో వెళ్తే డాక్టరు ముందుగా అడిగేదీ అదే: ఈ మచ్చ పాతదా, కొత్తదా, ఈ మధ్య మారిందా? అంత శ్రద్ధగా నెలకోసారి మీ ఒంటినీ చూసుకోండి.

ఆదివారం తలంటుకున్నాక పగటి వెలుతురులో కూర్చోండి. ముఖం, చేతులు త్వరగానే అయిపోతాయి. వీపు, మాడు ఇంట్లోవాళ్లను చూడమనండి. ఎక్కువసేపు చూడాల్సింది పాదాలనే. నల్లగా ఉన్నవాళ్లకు చర్మ క్యాన్సర్ రాదనుకోవద్దు. మెలనోమా అనే ప్రమాదకరమైన రకం మన చర్మరంగు వాళ్లకు ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే. మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే ఆయన చనిపోయారు.

ఆడవాళ్లు పాదాల పసుపు, గోళ్ల రంగు పూర్తిగా తీసేయాలి. మెట్టెలు జరిపి వేళ్ల సందులు చూడాలి. గోరింటాకు పండిన గోటిలో ఏమీ కనిపించదు కాబట్టి అట్లతద్దికి పెట్టుకోబోయే ముందే చూసుకోండి. దెబ్బ తగిలి కమిలిన నలుపు గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. అలా జరగకుండా నిలువుగీతలా ఉండి వెడల్పవుతున్నా, ఆ నలుపు గోటి మొదట్లోని చర్మానికి పాకినా ఆలస్యం చేయవద్దు.

మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోయినా, అంచు వంకరటింకరగా ఉన్నా, రంగులు కలగలిసినా, 6 మిల్లీమీటర్లు దాటినా అనుమానించాలి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి, వచ్చే నెల పోల్చడానికి. అన్నిటికంటే ముఖ్యం మార్పు: పెరగడం, దురద, రక్తం. ఆనెకాయ అని బ్లేడుతో చెక్కడం, పులిపిరి అని గుర్రపు వెంట్రుక కట్టడం, సున్నం పెట్టడం దయచేసి మానండి.

మా పెద్దవాళ్లలో పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కాలిన మచ్చలున్నవాళ్లు ఉన్నారు. అలాంటి పాత మచ్చలో పుండు పుట్టి వారాల తరబడి మానకపోతే అది కూడా క్యాన్సర్ కావచ్చు. కాలిన దశాబ్దాల తర్వాత కూడా వస్తుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు.

అనుమానం వస్తే నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ఒంగోలు రిమ్స్‌లోనో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. ముక్క తీసి పరీక్ష చేయాలంటే ఒప్పుకోండి. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయంతో వెనక్కి వచ్చేసినవాళ్లను చూశాను. అది నిజం కాదు. ఆ పరీక్ష లేకుండా జబ్బేమిటో ఖాయంగా తేలదు, వైద్యమూ మొదలవదు. వెళ్లేటప్పుడు మీరు తీసిన పాత ఫొటోలున్న ఫోను తీసుకెళ్లండి, ఆ మచ్చకు పసరు పూసి మాత్రం వెళ్లవద్దు.