బిగించే ముందు వదలడం నేర్చుకోండి

నేను హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. నల్గొండ జిల్లాలో 22 ఏళ్ళ సర్వీసు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. నలభై దాటాక దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క పడటం మొదలైంది. ఆ తర్వాత ఏడాదికి పొత్తికడుపు అడుగున, కూర్చుంటే కుర్చీకి ఆనే చోట, సాయంత్రానికి లాగేసే నొప్పి. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా ఏమైందంటే "నడుము" అనేదాన్ని. ఆ చోటికి నలుగురిలో చెప్పుకునే పేరు మనకు లేదు మరి.

ఫోన్లో వీడియో చూసి కెగెల్ వ్యాయామం, అంటే పొత్తికడుపు అడుగు కండరాలను బిగించి వదలడం, మొదలుపెట్టాను. రోజుకు 200 సార్లు బిగించమన్నారు, బిగించాను. లెక్కల టీచర్‌ని కదా, ఒక్కటి కూడా తప్పలేదు. మూడు వారాలకు నొప్పి రెట్టింపైంది. బాత్రూమ్‌లో కూర్చున్నా మూత్రం వెంటనే రాదు, నిమిషం ఎదురుచూడాలి.

చివరికి హైదరాబాద్‌లో ఈ సమస్యలే చూసే ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. మా పాత విద్యార్థుల ఈడు పిల్ల. పరీక్ష చేసి, "మేడమ్, మీ కండరం బలహీనంగానే ఉంది, కానీ వదులుగా లేదు. ఇరవై నాలుగు గంటలూ బిగిసి ఉంది. ముందు వదలడం నేర్చుకోండి, బిగించడం తర్వాత" అంది. బలహీనంగానూ బిగుతుగానూ ఒకేసారి ఎలా ఉంటుందని వాదించాను. పిడికిలి బిగించి అలాగే ఉంచమంది. రెండు నిమిషాలకే వేళ్ళు లాగాయి. రోజంతా అలా ఉంచితే సాయంత్రానికి చాక్‌పీసు కూడా పట్టలేం. అర్థమైంది.

పెల్విక్ ఫ్లోర్ అనే ఈ అడుగు కండరాలు ముందు ఎముక నుంచి వెనక తోకఎముక దాకా ఉయ్యాల చీరలా పరుచుకుని ఉంటాయి. మూత్రాశయం, గర్భసంచి, పేగు చివరి భాగం ఆ ఉయ్యాల మీదే ఆనుకుంటాయి. అది వదులైతే దగ్గినప్పుడు, బకెట్ ఎత్తినప్పుడు కారుతుంది. ఏదో కిందికి జారుతున్నట్టు బరువుగా ఉంటుంది. బిగుసుకుపోతే కూర్చుంటే నొప్పి, మూత్రం మొదలవడానికి ఆలస్యం, పూర్తిగా కాలేదన్న భావన, మలబద్ధకం, భర్తతో కలిసినప్పుడు నొప్పి. నాలా రెండూ కలిసి ఉండొచ్చు. అందుకే వీడియో చూసి మొదలుపెట్టకండి, ఒక్కసారి పరీక్ష చేయించుకోండి. లోపల వేలితో చూడాల్సి వస్తే మీ అనుమతి అడగాలి. వద్దంటే బయటి నుంచి కూడా కొంత తెలుస్తుంది. తోడుగా ఒకరిని ఉంచుకోవచ్చు.

దానికంటే ముందు గైనకాలజిస్టు దగ్గర మూత్ర పరీక్ష, స్కాన్ అవ్వాలి. ఇన్ఫెక్షన్, రాయి, అండాశయంలో గడ్డ లాంటివి ఉంటే వాటి వైద్యం వేరు. స్కాన్ బాగుందంటే నొప్పి అబద్ధమని కాదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరగడం) చాలాసార్లు స్కాన్‌లో కనబడదు, బిగుసుకున్న కండరం మామూలు స్కాన్‌లో తెలియదు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తాను. నొప్పి అనగానే "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీసేద్దాం" అంటే ఆ రోజే ఒప్పుకోకండి, ఇంకో డాక్టర్‌ని అడగండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందున్నాయి. మా అక్క 34 ఏళ్ళకే తీయించుకుంది. కూర్చుంటే వచ్చే నొప్పి అలాగే ఉండిపోయింది.

ఆ ఫిజియోథెరపిస్టు నాకు మొదట ఇచ్చిన హోంవర్క్ మూడు రోజుల లెక్క. పాత కొలత మగ్గు ఒకటి బాత్రూమ్‌లో పెట్టి, ఎన్నింటికి వెళ్ళాను, ఎన్ని మిల్లీలీటర్లు, ఎప్పుడు కారింది అని నోట్‌బుక్ చివరి పేజీలో రాశాను. రోజుకు 14 సార్లు, ఒక్కోసారి 100, 120 మాత్రమే. పెద్దవాళ్ళకు మూత్రాశయంలో 400 దాకా పడుతుంది, రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్తే మామూలే. నేనేమో బస్సెక్కే ముందు ఒకసారి, ఫస్ట్ బెల్ ముందు ఒకసారి, రాకపోయినా "ముందు జాగ్రత్త"గా వెళ్ళేదాన్ని. బడిలో బాత్రూమ్ భయానికి మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టేదాన్ని కాదు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి ఇంకా మంట పుడుతుందని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు రోజుకు రెండు లీటర్లలోపు, కొంచెం కొంచెంగా తాగుతాను. నాలుగు టీలు రెండయ్యాయి. అవసరం లేకుండా వెళ్ళడం మానేశాను. వెళ్ళాలనిపించగానే పరుగెత్తకుండా ఆగి, నెమ్మదిగా ఊపిరి వదిలి, ఆ తొందర తగ్గాక నడిచి వెళ్తాను. రెండు విడతల మధ్య వారానికి 15 నిమిషాలు పెంచుకుంటూ రెండున్నర గంటలకు వచ్చాను. బస్టాండ్ బాత్రూమ్‌లలో కమోడ్ తగలకుండా సగం వంగి నిలబడే అలవాటు మనలో చాలామందికి ఉంది. అలా నిలబడితే కండరం వదలదు. పేపర్ పరుచుకుని కూర్చోండి, లేదంటే ఇండియన్ టాయిలెట్‌లో పూర్తిగా గొంతుక్కూర్చోండి.

అసలు పాఠం ఊపిరి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చండి. పొట్ట పైకి లేవాలి, ఛాతీ కాదు. ఆ పీల్చేటప్పుడే అడుగున కూర్చునే చోటు మెత్తగా కిందికి దిగి విచ్చుకుంటుంది. నోటితో ఆరు లెక్కపెడుతూ వదలండి. తోయకూడదు, లాగకూడదు. మొదటి పది రోజులు నాకేమీ తెలియలేదు. పదకొండో రోజు పళ్ళు బిగపట్టి ఉన్నానని గమనించి దవడ వదిలాను, కింద కూడా వదిలింది! అప్పటి నుంచి క్లాసులో పిల్లలు గోల చేసినప్పుడల్లా ముందు దవడ చూసుకుంటున్నాను. రాత్రి ఐదు నిమిషాలు ఇది, తర్వాత బాలాసనం (మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వంగి నుదురు నేలకు ఆనించడం), గోడకు ఆనుకుని మలాసనం (పూర్తిగా గొంతుక్కూర్చోవడం). మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు, గర్భసంచి జారినవాళ్ళు మలాసనం జోలికి పోకండి.

మలబద్ధకం ఉంటే ఇవేవీ నిలవవు. కమోడ్ ముందు పాదాల కింద పీట వేసుకుని, మోకాళ్ళు తొడల మొదలు కంటే ఎత్తుకు వచ్చేలా, మోచేతులు మోకాళ్ళపై ఆనించి కూర్చోండి. ముక్కొద్దు.

ఆరు వారాల తర్వాతే ఆ ఫిజియోథెరపిస్టు నాకు బిగించడం నేర్పింది. నలుగురిలో గ్యాస్ ఆపుకున్నట్టు వెనక నుంచి ముందుకు, పైకి లాగాలి. పిరుదులు, తొడలు కదలకూడదు, ఊపిరి ఆగకూడదు. మూడు లెక్కలు బిగించి, ఆరు లెక్కలు పూర్తిగా వదలాలి. ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు. నెమ్మదిగా పది లెక్కల దాకా. కనీసం మూడు నెలలు చేస్తేగానీ తేడా తెలియదు. మూత్రం మధ్యలో ఆపి సాధన చెయ్యకండి. ఈ వ్యాయామం గురించి 1948లో రాసిన అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ కూడా ఊరికే బిగించమని వదిలేయలేదు. సరైన కండరమే బిగుస్తోందా అని చూడటానికి పెరినియోమీటర్ అనే పరికరం తయారుచేశాడు. వీడియోల్లో ఆ సంగతి ఎవరూ చెప్పరు! తుమ్ము వచ్చే ముందు ఒక్కసారి బిగించి ఆ తర్వాత తుమ్మడం ఒక్కటి మాత్రం నాకు వారంలోనే పనికొచ్చింది.

మగవాళ్ళకూ ఈ కండరాలే. ప్రొస్టేట్ వాపు అంటూ నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడి, కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ కనబడక, కూర్చుంటే నొప్పితో తిరిగేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళూ ఒకసారి ఈ వైపు చూపించుకోవచ్చు.

మూత్రంలో రక్తం, జ్వరంతో కూడిన నొప్పి, ముట్లు ఆగాక మళ్ళీ రక్తం కనబడటం ఉంటే ఈ వ్యాయామాలు పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం అసలు రాకపోయినా అదే రోజు ఎమర్జెన్సీకి.

నొప్పి నాకు పూర్తిగా పోలేదు. టెన్త్ పరీక్షల డ్యూటీ నాడు, పెళ్ళిళ్ళ బస్సు ప్రయాణాల తర్వాత తిరిగొస్తుంది. ఆ రెండు రోజులు బిగించే వ్యాయామం ఆపేసి, వేడినీళ్ళ బ్యాగు పొత్తికడుపుకు 15 నిమిషాలు, ఆ తర్వాత ఊపిరి మాత్రమే. డ్యూటీలో అరగంటకొకసారి లేచి వరుసల మధ్య నడుస్తాను. కాపీ కొట్టే పిల్లలకు అది నచ్చదు.